సేనలను దాటించిన పుట్టి: కొల్లాపూర్ కృష్ణాతీరంలో ఒక పడవ చరిత్ర

సైన్యాన్ని నీటి మీదుగా తీసుకువెళ్లి, రేవుకట్ట గానీ గట్టు గానీ లేని ఒడ్డున నేరుగా దింపగల పడవను యుద్ధ చరిత్రకారులు దింపుడు పడవ అంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో 1944 జూన్ 6న నార్మండీ తీరానికి సేనలను చేర్చిన హిగ్గిన్స్ పడవ ఈ జాతిలో అందరికీ తెలిసినది కావడం వల్ల, యుద్ధ దృశ్యాలను చిన్న కొలతలో మలిచే నమూనాకారులు ఎక్కువగా దానినే ఎంచుకుంటారు. తెలుగు నేలపై, అందులోనూ కృష్ణానది రాతి లోయల గుండా సాగే దక్షిణ తెలంగాణ మెట్టసీమలో, శతాబ్దాల పాటు ఇదే పని చేసిన పడవ మరొకటి ఉంది. వెదురు బద్దలతో గుండ్రంగా అల్లి, పైన పశువుల తోలు తొడిగిన ఆ బుట్టపడవను ఈ ప్రాంతంలో పుట్టి అని, పాత గ్రంథాలలో అరిగోలు అని వ్యవహరించారు. రాజుల యుద్ధాలను వర్ణించిన చరిత్రకారులు దాని గురించి ఒకటి రెండు వాక్యాలతో సరిపెట్టారు గనుక, పుట్టి ఎలా ఉండేది, ఎంత బరువు మోసేది, ఒక సేన దానిపై ఎలా దాటేది అన్న ప్రశ్నలకు జవాబు వెదకాలంటే రాతలతో పాటు కొలతలను కూడా ఆశ్రయించవలసి వస్తుంది.

నది, రేవు, సరిహద్దు

కొల్లాపూర్ నేడు నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగే వరకు మహబూబ్‌నగర్ జిల్లాలో భాగంగా ఉండేది. నిజాం ఏలుబడిలో సురభి వంశీయులు పాలించిన జటప్రోలు సంస్థానానికి 19వ శతాబ్దం నుండి ఇదే రాజధాని. సంస్థానం అంటే నిజాముకు ఏటా కప్పం కడుతూ, తన పరిధిలో శిస్తు వసూలు, న్యాయ విచారణ వంటి అధికారాలను నిలుపుకున్న సామంత రాజ్యం. పట్టణానికి దక్షిణాన కొద్ది మైళ్ల దూరంలో సోమశిల, అక్కడ కృష్ణ ఒడ్డున లలితా సోమేశ్వరాలయం, అవతలి వైపు కర్నూలు సీమలో సిద్ధేశ్వరం, సంగమేశ్వరం ఉన్నాయి. కృష్ణ, వేణి, తుంగ, భద్ర, భీమరథి, మలాపహారిణి, భవనాశి అనే ఏడు నదులు కలిసే చోటుగా సంగమేశ్వరానికి పేరుండటంతో, పుష్కరాలకు, శివరాత్రికి రెండు ఒడ్డుల జనమూ నది దాటేవారు.

ఈ రేవులకు రాజకీయ ప్రాముఖ్యం కూడా ఉంది. 1800 నాటి ఒప్పందంతో కృష్ణా తుంగభద్రలకు దక్షిణాన ఉన్న తన జిల్లాలను నిజాం ఈస్టిండియా కంపెనీకి వదులుకోగా, 1839లో కర్నూలు నవాబు రాజ్యాన్ని కూడా కంపెనీ కలుపుకుంది. ఆ నాటి నుండి సోమశిల దగ్గర నది దాటడమంటే ఒక ప్రభుత్వపు చట్టాల నుండి మరో ప్రభుత్వపు చట్టాల కిందికి వెళ్లడమే అయింది. నాణెం మారేది, సరుకుపై నిజాం ప్రభుత్వపు కరోడ్‌గిరి శాఖ, అంటే సుంకాల శాఖ, కన్ను వేసేది. 1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యం భారత యూనియన్‌లో కలిసే వరకు ఈ సరిహద్దు నిలిచి ఉంది. ఇలా ఎల్లగా మారిన నదిపై వంతెన లేనంత కాలం, ప్రజలకైనా ప్రభుత్వాలకైనా సేనలకైనా దాటే సాధనం రేవులోని పడవే.

నది స్వభావం పడవ రూపాన్ని నిర్ణయించింది. ఎండాకాలంలో రాతి పలకలు, బండరాళ్లు పైకి తేలి, వాటి మధ్య పాయలుగా సాగే కృష్ణ, వర్షాకాలంలో పడమటి కనుమల నీటితో ఒక్కసారిగా పొంగుతుంది. లోతుగా దిగే అడుగుదూలం ఉన్న చెక్కపడవ ఎండాకాలపు రాళ్లకు తగిలి పగిలిపోతుంది, తెప్ప వంటి దుంగల కట్టుకు వరదలో అదుపు ఉండదు. బల్లపరుపు అడుగుతో, రాయి తగిలితే లొంగి సర్దుకునే అల్లికతో తయారైన పుట్టి ఈ రెండు కాలాలకూ పనికివచ్చింది. పైగా దానికి కావలసిన వెదురు పక్కనే ఉన్న నల్లమల అడవిలో దొరికేది.

పుట్టి కట్టుబడి

పుట్టి నిర్మాణంలో మూడు అంగాలు ఉంటాయి: అల్లిక, అంచు కట్టు, పొర. ముందుగా వెదురును నిలువునా చీల్చి బద్దలు తీసి, నేల మీద పరచి, అడుగు భాగాన్ని అల్లుతారు. బద్దలను మూడు దిక్కులుగా నడిపి అల్లితే షట్కోణపు గళ్లు ఏర్పడి, ఏ వైపు నుండి ఒత్తిడి వచ్చినా అల్లిక జరగకుండా నిలబడుతుంది. అడుగు పూర్తయ్యాక బద్దల కొసలను చుట్టూ పైకి వంచి, అడ్డబద్దలు నేస్తూ గోడ లేపి, చివరన అనేక బద్దలను కట్టగా కలిపి అంచు చుట్టూ బిగిస్తారు. పడవకు ఆకారం నిలబడేది ప్రధానంగా ఈ అంచు కట్టు బలం మీదనే. పొరగా పూర్వం ఎద్దు లేదా దున్న తోలును వాడేవారు. మెట్టసీమలో విస్తారంగా పెరిగే తంగేడు చెట్టు బెరడుతో తోలును పదును చేయడం ఇక్కడి పాత వృత్తి. ఒక్కో తోలును పక్క తోలుతో కలిపి కుట్టి, అల్లికకు వెలుపలి వైపు తొడిగి, అంచుకు లాగి కట్టేవారు. 20వ శతాబ్దంలో తోలు స్థానాన్ని తారు పూసిన గుడ్డ, ఆపై ప్లాస్టిక్ పట్టా ఆక్రమించాయి. ఇటీవల ఫైబర్ పుట్టీలు కూడా వచ్చాయి.

గుండ్రని రూపం వెనుక లెక్క ఉంది. ఒకే పొడవున్న అంచుతో ఎక్కువ వైశాల్యాన్ని చుట్టగలిగే ఆకారం వృత్తమే కావడం వల్ల, తక్కువ వెదురు, తక్కువ తోలుతో ఎక్కువ బరువు మోసే పడవ తయారవుతుంది. పది అడుగుల వ్యాసం ఉన్న పుట్టి అడుగు వైశాల్యం సుమారు 7.3 చదరపు మీటర్లు. నీటిలోకి దిగిన ప్రతి నాలుగు అంగుళాలకూ అది దాదాపు 740 కిలోల బరువును తేల్చగలదు. పడవ సొంత బరువును 150 కిలోలుగా తీసుకుని, ఆయుధాలతో సహా మనిషికి 70 కిలోల చొప్పున 15 మందిని ఎక్కిస్తే మొత్తం 1,200 కిలోలు అవుతుంది. అంత బరువుతోనూ పుట్టి నీటిలోకి దిగేది ఆరున్నర అంగుళాలే. గోడ అడుగున కొంత వంపు తిరుగుతుంది గనుక నిజమైన లోతు దీనికి కాస్త ఎక్కువ ఉండవచ్చు. అయినా మోకాలి లోతు నీటిలో కూడా నిండు పుట్టి నేలకు తగలదు, అందులోని మనుషులు దాదాపు ఒడ్డు దాకా వచ్చి దిగగలరు. హిగ్గిన్స్ పడవకు ముందు వైపు రెండు అడుగులకు పైగా, వెనుక వైపు మూడు అడుగుల నీరు కావలసి వచ్చేది.

ఈ రూపానికి మూల్యం కూడా ఉంది. ముందు వెనుకలు గానీ అడుగుదూలం గానీ లేని పుట్టి తెడ్డు పడిన వైపుకు తిరిగిపోతుంది. ఒకరే నడిపేటప్పుడు తెడ్డును తమ ముందు వైపున నీటిలో ముంచి తమ వైపుకు లాక్కుంటూ, తిరుగుడును సరిచేసుకుంటూ సాగాలి. ప్రవాహం దానిని దిగువకు తోసేయడం వల్ల, ఎదుటి ఒడ్డున చేరవలసిన చోటికి బాగా ఎగువన బయలుదేరవలసి ఉండేది. తిరుగు ప్రయాణానికి ముందు ఖాళీ పుట్టిని ఒడ్డు వెంట ఎగువకు మోసుకుపోవాలి. చిన్న పుట్టిని ఒక మనిషి తలపై బోర్లించుకుని నడవగలగడం ఈ శ్రమను తగ్గించింది.

యాత్రికుల సాక్ష్యం

తోలు తొడిగిన గుండ్రని పడవ దక్కనుకు మాత్రమే చెందినది కాదు. బాబిలోన్ నగరానికి నదిపై సరుకు తెచ్చే తోలు పడవలను క్రీస్తు పూర్వం 5వ శతాబ్దంలో హెరొడోటస్ వర్ణించాడు. అస్సీరియా శిల్పాలలోనూ అటువంటివి కనిపిస్తాయి. దక్షిణ భారతంలో వాటికి దొరికే స్పష్టమైన విదేశీ వర్ణనలలో ఒకటి శ్రీకృష్ణదేవరాయల కాలంలో, 1520 ప్రాంతంలో, విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు దొమింగో పాయెస్‌ది. తుంగభద్రపై ఆనెగొంది దగ్గర జనం దాటే బుట్టపడవలకు వెలుపల తోలు ఉండేదని, ఒక్కొక్కటి 15 నుండి 20 మందిని మోసేదని, అవసరమైతే గుర్రాలను, ఎద్దులను కూడా ఎక్కించేవారని, నడుస్తున్నంతసేపూ అవి గిరగిరా తిరిగేవని ఆయన నమోదు చేశాడు. పైన వేసిన పది అడుగుల పుట్టి లెక్కకు ఆయన చెప్పిన మనుషుల సంఖ్య సరిపోవడం గమనించదగినది.

17వ శతాబ్దం మధ్యలో గోల్కొండ రాజ్యంలో తిరిగిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే ఇచ్చిన వివరాలు నమూనాకారుడికి మరింత ఉపయోగపడతాయి. సరుకు తడవకుండా పుట్టి అడుగున కట్టెల మోపులు వేసి, వాటిపై తివాచీలు పరిచేవారని ఆయన రాశాడు. బండ్లను ఎక్కించడానికి రెండు పుట్టీలను పక్కపక్కన నిలిపి, చక్రాలను, నొగను వాటి మధ్య కట్టేవారని, గుర్రాలను ఈదించేవారని తెలిపాడు. ఒక్కో పుట్టిలో నలుగురు మనుషులు నాలుగు వైపులా నిలబడి తెడ్లు వేసేవారని, వారిలో ఒకరు వరుస తప్పినా పుట్టి రెండు మూడు చుట్లు తిరిగి ప్రవాహంతో దిగువకు కొట్టుకుపోయేదని కూడా పేర్కొన్నాడు. రెండు పుట్టీలు జోడించి బండిని దాటించే ఈ పద్ధతే, సేనల ఫిరంగి బండ్లకూ అక్కరకు వచ్చే ఏర్పాటు.

సేనలు దాటిన తీరు

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న రాయచూరు అంతర్వేది కోసం బహమనీ సుల్తానులు, వారి తరువాత బిజాపూరు సుల్తానులు విజయనగర రాజులతో పోరాడిన రెండు శతాబ్దాలలో నది దాటడమే అనేక యుద్ధాల ఫలితాన్ని తేల్చింది. ఈ ఘట్టాలు కొల్లాపూర్‌కు ఎగువన జరిగినవే అయినా నదీ ఒకటే, పడవా ఒకటే.

1398 ప్రాంతంలో బహమనీ సుల్తాను ఫిరోజ్ షా, రెండవ హరిహరరాయల సేనను ఎదుర్కోవడానికి వచ్చినప్పుడు నది వరదతో నిండి ఉంది, ఎదుటి ఒడ్డున విజయనగర సేన కాచుకుని ఉంది. చరిత్రకారుడు ఫెరిష్తా కథనం ప్రకారం, ఖాజీ సిరాజ్ అనే అధికారి కొందరు అనుచరులతో ఆటగాళ్ల వేషంలో అవతలికి చేరి, రాత్రి వేడుకలో విజయనగర రాకుమారుణ్ణి చంపగా, ఆ గందరగోళంలో సుల్తాను మనుషులు తోలు తొడిగిన బుట్టపడవలపై నది దాటారు. కాపలా ఉన్న ఒడ్డున పుట్టీలతో దిగడం ప్రాణాపాయమని, కాపలా చెదిరితేనే అది సాధ్యమని ఇరుపక్షాలకూ తెలుసునన్న సంగతి ఈ కథలో స్పష్టంగా ఉంది.

1520లో రాయచూరు యుద్ధానికి ముందు బిజాపూరు సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్‌షా తగినన్ని పడవలు సిద్ధం కాకముందే తొందరపడి నది దాటాడని ఫెరిష్తా విమర్శిస్తాడు. యుద్ధంలో ఓడిన అతని సేన వెనక్కి పారిపోతూ కృష్ణలో చిక్కుకుని పెద్ద సంఖ్యలో మునిగిపోయింది. దాటడానికి ఎన్ని పుట్టీలు కావాలో, తిరిగి రావడానికీ అన్నే కావాలన్న పాఠాన్ని సుల్తాను చాలా ఖరీదుకు నేర్చుకున్నాడు. 1565లో రక్కసి తంగడి యుద్ధానికి ముందు ఇంగళగి దగ్గరి కాలిరేవును, అంటే మనుషులు నడిచి దాటగల లోతు తక్కువ చోటును, రామరాయల సేన పటిష్ఠంగా కాపాడుతున్నప్పుడు, దక్కను సుల్తానులు ఒడ్డు వెంట మూడు రోజులు కదిలి మరో చోట దాటబోతున్నట్లు నమ్మించి, కాపలా అటు మళ్లగానే వెనక్కి వచ్చి అదే రేవు దాటారు.

పుట్టిని యుద్ధ సామగ్రిగా భావించి ముందస్తుగా సిద్ధపరచిన సేనాపతులలో ఆర్థర్ వెల్లెస్లీ పేరు ముందు వస్తుంది. తరువాతి కాలంలో డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్‌గా పేరు పొందిన ఈయన 1803లో మరాఠా పాలకులు సింధియా, భోంస్లేల సేనలపై దండెత్తినప్పుడు వర్షాకాలంలో నదులు నిండి ఉండటమే తనకు అనుకూలమని లెక్క వేశాడు. నది నిండినప్పుడు గుర్రపు దళంపై ఆధారపడిన ప్రత్యర్థి ఆగిపోతాడు, పడవలు ఉన్నవాడు కదులుతాడు. ఆ ఆగస్టులో అహ్మద్‌నగర్ కోట పట్టుబడిన తరువాత ఆయన సేన ఎద్దు తోళ్లు కప్పిన బుట్టపడవలపై గోదావరి దాటింది. సెప్టెంబరు 23న అస్సయే యుద్ధం జరిగింది. దక్కను జాలరి సాధనాన్ని ఒక యూరోపియన్ సేనాపతి తన వ్యూహంలో కీలకంగా నిలిపిన సందర్భం ఇది.

సేనకు పుట్టి ఇంతగా నచ్చడానికి కారణం సామగ్రి లెక్కలో దొరుకుతుంది. రెండు అడుగుల లోతుతో పది అడుగుల పుట్టికి అడుగు, గోడ కలిపి సుమారు 13 చదరపు మీటర్ల తోలు కావాలి. ఒక పశువు తోలు రెండున్నర నుండి మూడు చదరపు మీటర్లు అనుకుంటే ఐదారు తోళ్లు సరిపోతాయి. వంద పుట్టీలకు ఐదారు వందల తోళ్లు అవుతాయి, వేల ఎద్దులు సామాను మోసే దండులో అవి దొరకడం కష్టం కాదు. తోళ్లను మడిచి బండిపై వేసుకుని, వెదురు దొరికిన చోట బుట్టలు అల్లించుకుంటే, పడవలను మోయకుండానే పడవల దళం తయారవుతుంది. పుట్టికి 15 మంది చొప్పున వంద పుట్టీలు ఒక విడతలో 1,500 మందిని దాటిస్తాయి కాబట్టి, నాలుగు వేల మంది కాల్బలం మూడు విడతల్లో అవతలి ఒడ్డు చేరుతుంది. మొదటి విడతలో దిగినవారు రెండో విడత వచ్చే దాకా ఒంటరిగా నిలబడవలసిన ఆ సమయమే ప్రతి దింపుడు యుద్ధంలోనూ ప్రమాదకరమైన ఘట్టం. నార్మండీలో సేనాపతులు ఎదుర్కొన్న ప్రశ్న కూడా ఇదే.

కడలి ఒడ్డున కుట్టు పడవ

నదిపై పుట్టి చేసిన పనిని తెలుగు సముద్రతీరంలో మసూలా పడవ చేసింది. కోరమాండల్ తీరంలో సహజమైన రేవులు తక్కువ. మద్రాసులో కృత్రిమ నౌకాశ్రయ నిర్మాణం 1875లో మొదలైంది, విశాఖపట్నం నౌకాశ్రయం 1933లో ప్రారంభమైంది. అప్పటి దాకా ఓడలు సముద్రంలో లంగరు వేసుకుని ఉంటే, మనుషులను, సరుకును, సిపాయిలను ఒడ్డుకు చేర్చినవి ఈ పడవలే. మసూలా పడవలో మేకు ఉండదు. పలకలను కొబ్బరి పీచు తాడుతో ఒకదానికొకటి కుట్టి, సందుల్లో గడ్డి కూరుతారు; లోపల గట్టి ఆకులు, అంటే పక్కటెముకల వంటి చట్రం, ఉండవు. కెరటం ఇసుక మీదికి విసిరినప్పుడు మేకులతో బిగిసిన పడవ పగులుతుంది, కుట్టు పడవ వంగి దెబ్బను తట్టుకుంటుంది. గట్టిదనం కంటే లొంగుబాటును నమ్ముకోవడంలో పుట్టికీ మసూలాకూ పోలిక ఉంది.

మసూలాకు పుట్టి కంటే మంచి అదృష్టం పట్టింది. ఫ్రెంచి నౌకాధికారి ఫ్రాన్స్వా ఎడ్మండ్ పారిస్ 1830లో ఫావొరీత్ ఓడపై కోరమాండల్ తీరానికి వచ్చినప్పుడు ఇక్కడి పడవలను కొలిచి గీశాడు. ఆ గీతలను 1840ల ఆరంభంలో, యూరప్ వెలుపలి జాతుల నౌకానిర్మాణంపై తెచ్చిన పెద్ద గ్రంథంలో ప్రచురించాడు. 1871 నుండి 1893లో మరణించే వరకు పారిస్ నగరంలోని నౌకా మ్యూజియానికి పర్యవేక్షకుడిగా ఉంటూ, తన గీతల ఆధారంగా చిన్న కొలత నమూనాలు చేయించాడు. నదీ పడవల విషయంలో అంతటి శ్రద్ధ ఆలస్యంగా వచ్చింది. మద్రాసు మత్స్యశాఖకు అధిపతిగా పనిచేసిన జేమ్స్ హార్నెల్ 1930లలో దక్షిణ భారతపు బుట్టపడవలపై వ్యాసం రాసి, 1946లో వెలువడిన జలరవాణా గ్రంథంలో వాటికి ప్రపంచపు ఇతర తోలు పడవల సరసన చోటిచ్చాడు.

ఇప్పటి యుద్ధనౌకల పరిమాణం వేరైనా పని క్రమం మారలేదు. విశాఖ కేంద్రంగా 2007 నుండి సేవలో ఉన్న ఐఎన్ఎస్ జలాశ్వ తన కడుపులో నాలుగు దింపుడు పడవలను మోస్తుంది. 2019 నవంబరులో భారత, అమెరికా సేనలు కలిసి చేసిన విన్యాసంలో కాకినాడ తీరాన సైనికులు, వాహనాలు ఇలాంటి పడవల నుండే ఇసుక మీదికి దిగాయి.

కొలతకు తగ్గించిన దృశ్యం

నిజమైన వస్తువులను నిర్ణీత నిష్పత్తిలో తగ్గించి, నేల, నీరు, మనుషులతో సహా ఒక ఘట్టాన్ని చూపించే త్రిపరిమాణ దృశ్యాన్ని నేడు డయోరమా అంటారు. 1822లో పారిస్‌లో డాగెర్, బూతోన్‌లు వెలుగునీడలతో కదిలించిన పెద్ద చిత్రపటాల ప్రదర్శనకు మొదట ఈ పేరు వచ్చింది. తరువాత మ్యూజియాల దృశ్యాలకు మారింది. ఇటువంటి పనికి తెలుగువారి చేతులు కొత్త కావు. కొండపల్లి కళాకారులు తెల్లపొణికి కర్రతో ఒక్కో అంగాన్ని విడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నం పూత వేసి, రంగు దిద్ది పల్లె దృశ్యాలనే నిలబెడతారు. మక్కు అంటే చెక్కతో చెక్కలేని సన్నని అంగాలను దిద్దడానికి వాడే మెత్తని ముద్ద. బొమ్మల కొలువు కూడా చిన్న బొమ్మలను ఒక దృశ్యంగా అమర్చే సంప్రదాయమే.

నమూనాకారుడు పుట్టిని తగ్గించడం మొదలుపెట్టగానే చరిత్ర అడగని ప్రశ్నలు ఎదురవుతాయి. యుద్ధ నమూనాలలో ప్రచారంలో ఉన్న 35కి 1 కొలతలో 11 మీటర్ల హిగ్గిన్స్ పడవ 31.6 సెంటీమీటర్లు అవుతుంది, పది అడుగుల పుట్టి 8.7 సెంటీమీటర్ల వెడల్పున అరచేతిలో ఇమిడిపోతుంది, ఐదున్నర అడుగుల సిపాయి 4.8 సెంటీమీటర్లకు వస్తాడు. అంగుళం వెడల్పు వెదురు బద్ద ముప్పాతిక మిల్లీమీటరుకు తగ్గుతుంది కాబట్టి దానిని వెదురు పుల్లను చీల్చి తీయడం సాధ్యమే. తోలు మాత్రం అలా కుదరదు. నాలుగు మిల్లీమీటర్ల మందం ఉన్న తోలు ఈ కొలతలో కాగితం మందానికి పడిపోతుంది, అసలు తోలును వాడితే పడవ మోటుగా, తప్పుడు బరువుతో కనిపిస్తుంది. అందువల్ల పలుచని కాగితాన్ని జిగురుతో తడిపి అల్లికపై పరచి, ఆరాక అల్లిక గళ్లు లోపలి నుండి లీలగా ఉబ్బి కనిపించేలా నొక్కడం సరైన మార్గం. తోలు ముక్కల కుట్లు ఐదారు చోట్ల కలవాలి, నీటి గీత కింద రంగు ముదురుగా, పైన ఎండిన చోట లేతగా ఉండాలి.

దృశ్య రచనలో చిక్కు మరొకటి. అర కిలోమీటరు వెడల్పున్న నదిని 35కి 1 కొలతలో చూపించాలంటే 14 మీటర్ల పొడవైన బల్ల కావాలి. కాబట్టి నది మొత్తాన్ని చూపించే ప్రయత్నం మాని, దిగే ఒడ్డునో బయలుదేరే ఒడ్డునో ఎంచుకోవాలి. దిగే ఒడ్డును ఎంచుకుంటే రాతి పలకలపై దిగుతున్న మనుషులు, ఒరిగి నిలిచిన పుట్టి, పక్కన ఈదుతున్న గుర్రం దృశ్యానికి చాలు. బయలుదేరే ఒడ్డును ఎంచుకుంటే టావెర్నియే చెప్పిన జంట పుట్టీలు, వాటి మధ్య కట్టిన బండి, అడుగున పరిచిన కట్టెల మోపులు, ఎగువకు పుట్టిని తలపై మోసుకుపోతున్న మనిషి రావాలి. రెండు దృశ్యాలలోనూ పుట్టీలన్నీ ఒకే వైపుకు వరుసగా సాగుతున్నట్లు పెడితే అది తప్పు. పుట్టికి ముందు వెనుకలు లేవు, నలుగురి తెడ్లు నాలుగు వైపులా ఉంటాయి, ప్రవాహం ఒక్కొక్కదాన్ని ఒక్కో చోట వదులుతుంది. వర్షాకాలపు కృష్ణ నీరు ఎర్రమట్టి రంగులో ఉంటుందని మరచి నీలం పోసినా, ఘట్టం నదికి పరాయిదవుతుంది.

నమూనా చరిత్రకు సాక్ష్యంగా నిలవగలదని చూపించే ఉదాహరణ కృష్ణ ఒడ్డునే ఉంది. నాగార్జునసాగర్ ఆనకట్ట కింద మునిగిపోనున్న నాగార్జునకొండ లోయలో 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో తవ్వకాలు జరిగాయి. బయటపడ్డ కట్టడాలలో కొన్నిటిని ఎత్తైన చోటికి తరలించి తిరిగి కట్టారు, 1966లో ఏర్పడిన ద్వీప మ్యూజియంలో మునిగిన లోయ మొత్తాన్ని నమూనాగా చూపించారు. లోయకు చిన్న కొలత తగినట్లే, పడవకు పెద్ద కొలత తగుతుంది; ఒకే బల్లపై రెంటినీ చూపించబోతే పుట్టి చుక్కగా మారుతుంది, లోయ ముక్కగా మిగులుతుంది.

నిలిచిన నీరు

కొల్లాపూర్ సీమలో నది రూపం మార్చింది శ్రీశైలం ప్రాజెక్టు. 1963లో జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన ఈ ఆనకట్ట 1980ల ఆరంభానికి పనిలోకి వచ్చింది. 885 అడుగుల పూర్తి నీటిమట్టంతో ఏర్పడిన జలాశయం అటు కర్నూలు, ఇటు మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద దాకా గ్రామాలను ముంచింది. సోమశిల, జటప్రోలు ఆలయాలను ఎత్తైన నేలకు తరలించి కట్టారు, కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి చేర్చారు. సప్తనదీ సంగమేశ్వరాలయం మాత్రం నీటిలోనే ఉండి, ఎండాకాలంలో మట్టం తగ్గినప్పుడు బయటపడుతుంది. గుడిని రాయి రాయిగా విప్పి మళ్లీ కట్టవచ్చు గానీ, ప్రవాహపు వేగాన్ని, రాళ్ల వరుసను, పుట్టి బయలుదేరవలసిన ఎగువ చోటును నమ్ముకున్న పాత రేవును విప్పి మరో చోట నిలపడం సాధ్యం కాదు. పారే నది నిలిచిన జలాశయం కావడంతో, ప్రవాహాన్ని చదవగల రేవు విద్యకు అవసరం తగ్గింది, దాటవలసిన దూరం పెరిగింది, ఆ దూరానికి ఇంజను పడవలు వచ్చాయి. పుట్టి మత్స్యకారుల వేట సాధనంగా మాత్రమే మిగిలింది.

విశాలమైన జలాశయంపై ప్రయాణానికి కొత్త ప్రమాదాలు తోడయ్యాయి. 2007లో కర్నూలు వైపు నెహ్రూనగర్, ఇటు మంచాలకట్ట రేవుల మధ్య పడవ మునిగి 61 మంది ప్రాణాలు కోల్పోయిన తరువాత, సోమశిల సిద్ధేశ్వరాల మధ్య వంతెన కావాలన్న పాత కోరిక మరింత బలపడింది. తీగలు, వేలాడే నిర్మాణం కలిసిన ఆ వంతెనకు కేంద్ర ప్రభుత్వం 2022లో 1,082 కోట్ల రూపాయలకు పైగా అంచనాతో ఆమోదం తెలిపింది. ప్రాణాలు కాపాడే ఆ వంతెన రావలసినదే, అది వచ్చిన నాటి నుండి ఈ రేవులో పడవ దాటింపు అవసరం తీరిపోతుంది.

ఈ పరిస్థితిలో పుట్టి చరిత్రను భద్రపరచే పని రాతలతో పూర్తికాదు. తరతరాలుగా గీతలు లేకుండా చేతి కొలతలతో అల్లిన పడవకు, ఇప్పటికీ ఆ అల్లిక తెలిసినవారి దగ్గర కూర్చుని కొలతలు తీసుకోవడమే మొదటి ఆధారం. వెదురు ఎంపిక, బద్దల సంఖ్య, అంచు కట్టు పద్ధతి, తెడ్డు పొడవు నమోదై, వాటి ప్రకారం ఒక పూర్తి పరిమాణపు పుట్టి, ఒక దాటింపు దృశ్యపు డయోరమా తయారైతే, చరిత్రకారులు ఒక్క వాక్యంలో వదిలేసిన ఘట్టాలు పరీక్షకు నిలుస్తాయి. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి మ్యూజియం, నల్లగొండ పానగల్లు మ్యూజియం శిల్పాలను, శాసనాలను కాపాడుతున్నట్లే వృత్తి సాధనాలకూ చోటు కల్పించవచ్చు. కొల్లాపూర్ విద్యాసంస్థల విద్యార్థులు సోమశిల మత్స్యకారులనే గురువులుగా చేసుకుని ఈ పని ప్రారంభించవచ్చు. సోమశిల వంతెనపై రాకపోకలు మొదలయ్యేలోగా ఈ కొలతలు కాగితానికి ఎక్కడం అవసరం.